దారిలో కలిగిన ఆలస్యము

చదువవలసిన భాగములు: మార్కు 5:21–43, ఎజ్రా 2:59–63



యాయీరు కుమార్తె సంగతి మనకందరికిని కొట్టినపిండి. ఆదివారపు బడి పిల్లలు సహితము దానిని తడుముకొనకుండ చెప్పగలరు. అయినను పిల్లలకు చెప్పునప్పుడు మనము ఒక భాగమును త్వరత్వరగా దాటిపోవుదుము. బిడ్డ చావుబ్రతుకుల మీద నున్నది. తండ్రి ప్రభువు పాదములమీద పడి బ్రతిమాలెను. ప్రభువు అతనితోకూడ బయలుదేరెను. ఇంతలో ఆయన వీధిలో నిలిచిపోయెను. తన వస్త్రమును ఎవరు ముట్టిరని అడుగుచు, ఆ గుంపులో చుట్టు చూచుచు నిలిచెను. ఇంతమంది త్రోక్కుకొనుచుండగా ఇదేమి ప్రశ్నయని శిష్యులు విసుగుకొనిరి. యాయీరు ఏమనెనో మార్కు వ్రాయలేదు. ఒక్క మాటయైనను వ్రాయలేదు. ఇంటిలో బిడ్డ ప్రాణము పోవుచుండగా దారిలో ఆగిపోయిన తండ్రి మనస్సు ఎట్లుండునో చదువరికే విడిచిపెట్టెను.

ఆ ఆలస్యము యాయీరునకు పిడుగు. పండ్రెండేండ్లు వైద్యుల చుట్టు తిరిగి, ఉన్నదంతయు వ్యయము చేసికొని, ఇంకను క్షీణించిన ఆ స్త్రీకో, అదియే దొరకిన తరుణము. బిడ్డ వయస్సును పండ్రెండేండ్లే యని మార్కు చెప్పుచున్నాడు. ఆ బిడ్డ పుట్టిన యేటనే ఈమె రోగము మొదలైనదన్నమాట.

ఈ మాసపు పాఠములో ఈ ఆలస్యమును గూర్చియే ఆలోచింతము. దీనిని మన పొన్నూరు ప్రాంతపు దారుల మీదికి తెచ్చి ఆలోచింతము. ఏలయనగా గత మాసమున నాకును మన సంఘపెద్దలలో ఒకరికిని బండి కాగితముల నిమిత్తము ఒక దినమంతయు గడచిపోయెను. ఆ దినమున మేము వెదకని సంగతి యొకటి బయటపడెను. తన పేరు వ్రాయవద్దనియు, సంగతి మాత్రము తప్పక వ్రాయుమనియు ఆ పెద్దయే నాతో చెప్పెను.

మాకు రెండు పనులుండెను. మొదటిది నాది. నా డ్రైవింగు లైసెన్సు పాత నియమము చొప్పున ఇరువదియేండ్లకు ఇచ్చినది. దాని గడువు దగ్గరపడెను. 2019 లో చట్టమును సవరించిన తరువాత ఈ గడువులు మారినవి. ముప్పది నుండి ఏబది యేండ్ల లోపు వారికి సొంత బండి లైసెన్సు పది సంవత్సరములకు ఇచ్చుదురు. ఏబదియైదు దాటినవారికి అయిదేండ్లకు మాత్రమే. గడువు తీరుటకు ఒక యేడాది ముందునుండియే దరఖాస్తు పెట్టవచ్చును. తీరిన తరువాత ఒక యేడాది దాటిపోయినయెడల మరల బండి నడిపి పరీక్ష నెగ్గవలెను. మన యువకులు ఈ సంగతి గుర్తుంచుకొనుట మంచిది. నలుబది యేండ్లు నిండినవాడు లైసెన్సు తిరిగి పొందవలెనన్న వైద్యుని ధ్రువపత్రము కూడ జతపరచవలెను. దానిని ఫారము 1ఎ అందురు. ఈ ఫారము సంగతి మరల చెప్పుదును.

రెండవ పని పెద్దగారిది. ఆయన అన్నగారు చనిపోయి అప్పటికి రెండు మాసములు. ఆయన వాడిన పాత టీవీఎస్ బండి ఇప్పుడు తమ్ముని యింటనున్నది. పొలమునకు ఎరువు మోయుటకు, మినుప బస్తా మిల్లుకు చేర్చుటకు, ఆదివారము ముసలితల్లిని గుడికి తెచ్చుటకు అదే ఆధారము. బండి యజమాని మరణించినప్పుడు ముప్పది దినములలో రిజిస్ట్రేషను అధికారులకు తెలుపవలెననియు, మూడు మాసములలో ఫారము 31 నింపి వారసుని పేరికి మార్చుకొనవలెననియు నియమము. పెద్దగారు మొదటిది చేసియున్నారు, రెండవదానికి గడువుండగనే బయలుదేరిరి. చాలమంది ఇంతమాత్రము కూడ చేయరు. చనిపోయినవారి పేరనే బండి పదేండ్లు నడుచును. ఒకనాడు ప్రమాదము జరిగినప్పుడు గాని ఆ సంగతి ఎవరికిని గుర్తురాదు.

ఉదయము ఏడు గంటలకు మేము పొన్నూరు దాటితిమి. కార్యాలయము తెరచువేళకు ముందే అక్కడ నలుబది మంది నిలుచుండిరి. కార్యాలయము తెరచిరి గాని సర్వరు తెరచుకొనలేదు. పదకొండు గంటలకు ఒక గుమాస్తా వెలుపలికి వచ్చి, ఇంక కొంచెముసేపట్లో వచ్చునని చెప్పెను. వచ్చునది సర్వరో, అధికారియో మాకు తెలియలేదు. పండ్రెండున్నరకు పెద్దగారి వంతు వచ్చెను. కిటికీ లోపలివాడు కాగితములు తిరగవేసి మూడు లోపములు చెప్పెను. పొల్యూషను కాగితము గడువు తీరినది. ఆధార్ జిరాక్సు మీద సంతకము లేదు. ఈ రెండును చిన్నవి. మూడవది పెద్దది. ఆర్.సి.లో నున్న పేరును మరణ ధ్రువపత్రములో నున్న పేరును ఒకటి కావు.

ఇక్కడ నేను కొంచెము ఆగవలసియున్నది. మన సంఘములలో ఈ చిక్కు లేని యిల్లు అరుదు. తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి, బాప్తిస్మపు పేరొకటి. బడి రిజిస్టరులో ఒకటి, రేషను కార్డులో మరొకటి, గుడి పుస్తకములో ఇంకొకటి. దానికి గల కారణములు మీరెరుగుదురు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు మొదలుకొని నేటివరకు ఆ కారణములు నడచుచున్నవి. వాటిని గూర్చి ఈ పత్రికలో నేను వాదింపను. కాని ఒక మనిషి బండి కొన్ననాడు ఒక పేరుతోను, ఆసుపత్రిలో కన్నుమూసిననాడు మరియొక పేరుతోను నిలిచినప్పుడు, ఆ ఇద్దరు ఒక్కరేయని చెప్పుటకు వెనుకనున్నవారు నోటరీ యొద్దకు పరుగెత్తవలెను. కిటికీ లోపలివాడు అడిగినది అదే. ఆ ఇద్దరును ఒక్కరేయని అఫిడవిట్టు తెండి, అనెను. తోడబుట్టినవాడు ఎదుట నిలిచి చెప్పిన మాట చాలలేదు.

పెద్దగారికి కోపము వచ్చినది. ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయము చదివినవారికి ఈ కోపము క్రొత్తది కాదు. బబులోను నుండి తిరిగివచ్చినవారి జాబితాలో కొందరు యాజకులుండిరి. వారిలో ఒక వంశమువారి మూలపురుషుడు గిలాదీయుడైన బర్జిల్లయి కుమార్తెను పెండ్లిచేసికొని మామగారి యింటి పేరనే పిలువబడెను. మన వాడుకలో చెప్పవలెనన్న ఇల్లరికపు అల్లుడు. తరతరముల తరువాత అతని సంతతివారు తమ వంశావళి పుస్తకములో తమ పేళ్లు వెదకిరి, కనబడలేదు. వారిని యాజకధర్మము నుండి తొలగించిరి. ఊరీము తుమ్మీము ధరించిన యాజకుడొకడు లేచువరకు అతిపరిశుద్ధమైనవాటిని తినకూడదని అధికారి తీర్పు చెప్పెను. నేటి కార్యాలయపు భాషలో ఫైలు పెండింగులో పెట్టిరన్నమాట. ఆ ఫైలు ఎప్పుడు తీరెనో ఎజ్రా చెప్పలేదు.

దీనినుండి మనవారు ఒక పని నేర్చుకొనవచ్చును. 2023 అక్టోబరు 1వ తేదీ నుండి పుట్టిన బిడ్డలకు జనన ధ్రువపత్రమే బడిలో చేర్చుటకును, డ్రైవింగు లైసెన్సుకును, ఓటరు జాబితాకును, పాస్‌పోర్టుకును పుట్టిన తేదీకి, పుట్టిన స్థలమునకు ఆధారమని చట్టమును సవరించిరి. అందులో ఏ పేరు పడునో ఆ పేరు బిడ్డను జీవితమంతయు వెంబడించును. జననమును 21 దినములలో నమోదు చేయవలెను. పేరు నిర్ణయము కానియెడల పేరు లేకుండనే నమోదు చేసి, ఏడాదిలోగా రుసుము లేకుండ చేర్పించుకొనవచ్చును. కాబట్టి బాప్తిస్మమునకు పేరు ఆలోచించు తల్లిదండ్రులు ఆ పత్రమును ఎదుట పెట్టుకొని ఆలోచింపవలెనని నా మనవి.

మరల కార్యాలయమునకు వత్తము. భోజన విరామము వచ్చెను, కిటికీ మూసిరి. నా దరఖాస్తునకు వైద్యుని పత్రము ఇంకను కావలసియుండెను. ఎదుటి టీ కొట్టు వద్ద ఒక ఏజెంటు మమ్మును పిలిచి, మూడు వందలిచ్చినయెడల పది నిమిషములలో ఫారము 1ఎ సంతకముతో ముద్రతో తెచ్చెదననెను.

“డాక్టరు గారి దగ్గరికి మీరు రానక్కర్లేదండీ. కాగితమే వచ్చేస్తుంది.”

నేను జవాబు చెప్పకముందే పెద్దగారు నవ్వి, “ఎలాగూ సర్వరు లేదుగదా అయ్యగారూ, డాక్టరు గారినే చూసొద్దాం పదండి. కూర్చుని ఏంచేస్తాం?” అనిరి. ఆ మాట పుణ్యముకొరకు చెప్పినది కాదు, ప్రొద్దుపోక చెప్పినది. మేము రెండు వీధులు నడచి ఒక చిన్న ఆసుపత్రికి వెళ్లితిమి.

ఆ వైద్యుడు వయస్సు మీరినవాడు. ఫారమును కండ్లజోడు పెట్టుకొని మొదటినుండి చదివెను. ఆ పత్రములో వైద్యుడు తానే స్వయముగా దరఖాస్తుదారుని పరీక్షించితినని సంతకము చేయవలెను. చూపు సరిగానున్నదా, ఎఱుపు ఆకుపచ్చ రంగులను వేరుపరచగలడా, మంచి వెలుతురులో ఇరువదియైదు మీటర్ల దూరమున కారు నంబరు చదువగలడా, రేచీకటి యున్నదా, హారను వినబడునా, చేతులు కాళ్లు కీళ్లు సవ్యముగానున్నవా యని అందులో అడుగుదురు. ఆయన నన్ను వాకిట నిలువబెట్టి, రోడ్డుకు ఆవల దూరముగానున్న కారు నంబరు చదివించెను. వంగి లేవమనెను. బి.పి. చూచెను, అది సరిగానే యుండెను. ఇంత శ్రద్ధ అవసరమాయని నాకే అనిపించెను.

అప్పుడాయన దృష్టి బల్లమీద కూర్చున్న పెద్దగారిమీద పడెను.

“ఆ సీసా ఎన్నోదండీ?”

“మూడోదండి. ఎండగదండీ.”

“ఎండ నాకూ ఉందిగా. ఆ కాలి గుడ్డ ఏమిటి?”

“చెప్పు కరిచిందండి. ఆరు వారాలయింది.”

“నొప్పిగా ఉందా?”

“నొప్పేం లేదండి డాక్టరుగారూ. అసలు తెలియనే తెలియదు.”

“తెలియకపోవటమే నాకు భయం,” అని వైద్యుడు గుడ్డ విప్పించెను. బొటనవ్రేలి ప్రక్క పుండు లోతుగానుండెను. వ్రేలికి సూదితో పొడిచి చిన్న యంత్రములో చూచిరి. 412 అని చూపెను. ఏమియు తినకముందు 126 గాని అంతకు మించిగాని, తిన్న తరువాత యే వేళనైనను దాహము, అతిమూత్రము వంటి గురుతులతోకూడ 200 గాని అంతకు మించిగాని యున్నయెడల అది చక్కెర వ్యాధియే యని వైద్యుల లెక్క. నమ్మకము కొరకు రక్తమును ల్యాబునకు పంపిరి గాని, ఆయన ముఖము చూడగనే మాకు తెలిసిపోయెను.

పెద్దగారు ఆ గదిలో ఎవరి నిమిత్తము వచ్చిరి? నా నిమిత్తము. పరీక్ష నాది, ఫారము నాది, రుసుము నాది. ఆయన తోడు వచ్చినవాడు మాత్రమే.

మీ ఇంటిలో ఎవరికైన ఉన్నదా యని వైద్యుడు అడుగగా, ఎవరికిని లేదని పెద్దగారు చెప్పిరి. తరువాత కొంత ఆలోచించి, అన్నకు కాలు కుళ్లినదనియు, మేకు గ్రుచ్చుకొని విషమెక్కినదని అందరు అనుకొన్నారనియు, మోకాలి వరకు తీసివేసినను బ్రతుకలేదనియు చెప్పిరి. వైద్యుడు ఆ ఆసుపత్రి కాగితములేమైన ఉన్నవాయని అడిగెను. చొక్కా జేబులో మరణ ధ్రువపత్రము మడతపెట్టియుండెను. దానికొరకే గదా ఉదయమునుండి తిరుగుచున్నాము! వైద్యుడు దానిని విప్పి ఈ ప్రక్క చూచెను, ఆ ప్రక్క త్రిప్పి చూచెను. పేరు, తండ్రి పేరు, తేదీ, స్థలము, రిజిస్ట్రేషను నంబరు, ముద్ర, సంతకము అన్నియు ఉండెను. దేనివలన చనిపోయెనో లేదు.

అది గుమాస్తా మరచిపోయినది కాదు. జనన మరణముల నమోదును గూర్చిన 1969 నాటి చట్టము ప్రకారము మరణ ధ్రువపత్రములో మరణ కారణమును చూపకూడదు. కుటుంబముల మర్యాద కాపాడుటకు అట్లు పెట్టియుందురు. అందులోను న్యాయము లేకపోలేదు. అయితే బండి మార్చుటకు కావలసినదంతయు చెప్పిన ఆ కాగితము, తమ్ముడు బ్రతుకుటకు కావలసిన ఒక్క మాటను చెప్పలేదు. రెండు మాసములు ఆ కాగితము ఆయన రొమ్ముమీది జేబులోనే యుండెను. ఒకే తల్లి బిడ్డలలో ఒకరికి ఈ వ్యాధి యున్నప్పుడు తక్కినవారికి వచ్చు అవకాశము మిక్కిలి యెక్కువ. అన్నకు ఏమి వచ్చినదో ఇంటివారికి తెలిసియుండినయెడల తమ్ముడు తన కాలి గుడ్డను ఆరు వారములు దాచియుండునా?

ఈ విషయములో మనవారు తెలిసికొనవలసినది ఒకటున్నది. ఆసుపత్రిలో మరణము సంభవించినప్పుడు వైద్యులు మరణ కారణమును తెలుపు వేరొక పత్రమును వ్రాయుదురు. 2023 నాటి సవరణ ప్రకారము దాని నకలును దగ్గరి బంధువునకు ఇయ్యవలెను. దుఃఖములో ఎవరును దానిని అడుగరు. సమాధి కార్యక్రమమునకు నన్ను పిలువవచ్చిన ప్రతి యింటివారితోను ఆ కాగితము తీసికొంటిరాయని ఇకమీదట నేను అడిగెదను. శోకములో నున్నవారిని అడుగవలసిన ప్రశ్నయా యిది యని కొందరు తప్పుపట్టవచ్చును. పట్టనిండు.

సాయంకాలము నాలుగు గంటలకు మరల కార్యాలయమునకు వెళ్లితిమి. సర్వరు లేచియుండెను. నా దరఖాస్తు తీసికొనిరి. పెద్దగారి కాగితములు అఫిడవిట్టు లేనందున తిప్పియిచ్చిరి. ఉదయమునుండి మాతోకూడ నిలిచిన ఒక యువతి, చంకబిడ్డతో, భర్త పేరు అక్షరము తప్పిపోయినదని మూడవసారి వచ్చినది. ఆమెను కూడ తిప్పిపంపిరి. ఆమె బస్సు చార్జీలను, పోయిన కూలిని ఎవరు లెక్కింతురు?

ఈ యువతిని నేను ఊరకనే చెప్పుటలేదు. ఇట్టి దినమును గూర్చి సాక్ష్యము చెప్పునప్పుడు మనలో కొందరు, సర్వరును దేవుడే ఆపెను, ఏజెంటును దేవుడే పంపెను అని చెప్పుదురు. నేనట్లు చెప్పజాలను. కార్యాలయము యొక్క నిర్లక్ష్యమునకు దేవుని పేరు పెట్టుట భక్తి కాదు. ఆ చంకబిడ్డ తల్లికి ఆ ఆలస్యములో ఏ మేలును కలుగలేదు. యాయీరు ఎదుట నిలిచి, నీ ఆలస్యము వేరొకరికి మేలాయెను గనుక సంతోషింపుమని చెప్పుటకు మార్కు కూడ తెగింపలేదు. ప్రభువు సహితము యాయీరుతో ఆలస్యమునకు కారణములు వివరింపలేదు. భయపడవద్దని, నమ్మికతో నుండుమని మాత్రము చెప్పి, అతనితో నడిచెను.

అయితే ఆ వీధిలో ప్రభువు చేసిన పని యొకటి మన ఎదుటనున్నది. ఆయన ఆగి చూచెను. స్వస్థత అప్పటికే కలిగినది. ఆమె గుంపులో కలిసిపోయియుండవచ్చును, ఎవరికిని తెలియకపోవును. ఆయన చుట్టు చూచి, ఆమెను వెలుపలికి రప్పించి, ఆమె నోట సత్యమంతయు చెప్పించెను. పండ్రెండేండ్లు దాచిన రోగమును ఆమె జనులందరి ఎదుట చెప్పెను.

మన పల్లెలలో రోగమును దాచుట ఒక మర్యాద. ఆడపిల్లకు షుగరని తెలిసిన సంబంధము తప్పునని దాచుదురు. మగవానికి బి.పి. యని తెలిసిన పని ఇయ్యరని దాచుదురు. ప్రార్థన కూటములో నావైపు చూచి, ఒక మనవి ఉన్నదయ్యగారూ, పేరు చెప్పను అందురు. దేవునికి పేరు తెలియును, నిజమే. ప్రక్కింటి అక్కకు తెలిసినయెడల ఆమె మాత్ర వేసికొంటివా యని అడుగునుగదా!

ఇప్పుడు ఆ ఏజెంటు సంగతి ఆలోచింతము. మూడు వందలిచ్చియుండినయెడల ఒంటిగంటకే నా పని ముగియును. పెద్దగారు టీ కొట్టు వద్ద నాలుగవ సీసా త్రాగుచుందురు. వైద్యుడు చూడకుండనే చూచితినని వ్రాసిన పత్రము మన ప్రాంతములో అందరికి తెలిసినదే. దానిని అబద్ధమని ఎవరును అనరు, ఫార్మాలిటీ అందురు. తొమ్మిదవ ఆజ్ఞను మనము కోర్టు మెట్లకే పరిమితము చేసికొంటిమి. చూడనిదానిని చూచితినని సంతకము చేయుట సాక్ష్యము కాదా? పొన్నూరులో సాక్షియను మాటకు అర్థము ఎవరికిని విప్పి చెప్పనక్కరలేదు. అచ్చటి ప్రాచీనమైన దేవాలయమునకే ఆ మాట పేరులో చేరియున్నది. ఇచ్చినమాటకు సాక్షి లేకపోయిన ఏమగునో ఆ కథ వినని పిల్లవాడు ఈ ఊళ్లలో లేడు.

రేచీకటి గలవాడొకడు మూడు వందల పత్రముతో రాత్రివేళ చేబ్రోలు దారిలో బస్సు నడుపుచున్నాడనుకొనుడి. ఆ బస్సులో మన పిల్లలు ట్యూషను నుండి వచ్చుచున్నారు.

ఈ వ్యాధిని గూర్చి రెండు మాటలు. 2023 లో భారత వైద్య పరిశోధనా మండలివారి పెద్ద పరిశీలన ప్రచురింపబడెను. దాని ప్రకారము మన దేశములో 10 కోట్ల 10 లక్షల మందికి చక్కెర వ్యాధి యున్నది. మరి 13 కోట్ల 60 లక్షల మంది దాని వాకిట నున్నారు. ఇది పట్టణపు ధనవంతుల రోగమని మనము అనుకొను దినములు గతించినవి. పుండు మానకుండుట, అరికాళ్లు మొద్దుబారుట, రాత్రివేళ పలుమారు మూత్రమునకు లేచుట, దాహము, ఊరకనే చిక్కిపోవుట దీని గురుతులు. ఏ గురుతును లేకుండ సంవత్సరముల తరబడి లోలోపల నుండుటయు కలదు. అందుచేతనే ముప్పది దాటినవారందరికి షుగరు, బి.పి. చూడవలెనని ప్రభుత్వము నియమించినది; ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో దీనికి డబ్బు తీసికొనరు. మన ఆశా కార్యకర్త ఇంటికి వచ్చినప్పుడు తరువాత రమ్మని పంపివేయకుడి.

మన పితరుల కాలములో ఈ రోగమునకు మందే లేదు. 1842 లో గుంటూరుకు వచ్చిన హయ్యరుగారు మధ్యలో స్వదేశమునకు వెళ్లినప్పుడు, ఏబది దాటిన వయస్సులో వైద్యము చదివి, 1847 లో పట్టము పొంది, తిరిగివచ్చెను. ప్రసంగము చాలదని ఆయనకు తోచియుండును. 1883 లో వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరు దొరసానిగారు గుంటూరులో స్త్రీలకును పిల్లలకును ఆసుపత్రి కట్టించి 1898 లో తెరచిరి. 1930 లో చనిపోవువరకు ఈ దేశమునే తన పొలముగా చేసికొనిరి. నిడుబ్రోలులో రక్షణ సైన్యమువారు ఈవాంజెలీన్ బూత్ పేరట ఆసుపత్రి పెట్టిరి. కుగ్లరుగారి తొలి దినములలో చక్కెర వ్యాధి ముదిరిన బిడ్డను తల్లి తెచ్చినయెడల ఆమె చేయగలిగినది ఏమియు లేదు. 1922 జనవరిలో కెనడాలోని టొరాంటో నగరమున పదునాలుగేండ్ల బాలునికి మొట్టమొదట ఇన్సులిను సూది వేసిరి. నేడు ఆ సూది మన మందుల షాపులో దొరకును. పండ్రెండేండ్లు వైద్యులయొద్ద బాధపడిన ఆ స్త్రీ కథను పట్టుకొని, విశ్వాసికి మందు అక్కరలేదని బోధించువారు ఈ మధ్య మన ఊళ్లకు మైకులతో వచ్చుచున్నారు. మార్కు అక్కడ చెప్పినది, ఆమె డబ్బు పోయినదని, మేలు కలుగలేదని. వైద్యము పాపమని ఆయన ఎక్కడను చెప్పలేదు. పౌలునకు ప్రియుడైన లూకా వృత్తిచేత వైద్యుడే. మాత్రలు మానివేసి సాక్ష్యము చెప్పుమని మిమ్మును ఎవరైన ప్రేరేపించినయెడల, ముందు నాయొద్దకు రండి.

పెద్దగారి సంగతి అడుగుచున్నవారికి జవాబు: మందులు వాడుచున్నారు. పుండునకు దినము విడిచి దినము కట్టు మార్చుచున్నారు. అంచులు ఎఱ్ఱబారి మానుచున్నదని వైద్యుడు చెప్పెను, కాని వ్రేలు నిలుచునని ఇంకను మాట ఇయ్యలేదు. నోటరీ కాగితము సిద్ధమైనది. ఆర్.సి. ఇంకను రాలేదు. అన్నగారి కుమారులిద్దరికి కూడ పరీక్ష చేయించిరి. పెద్దవానికి వాకిటి దశలోనున్నదని తేలినది, వాని వయస్సు ముప్పది నాలుగు.

మార్కు ఈ కథను ముగించిన తీరు చూడుడి. చనిపోయిన బిడ్డ లేచి నడిచెను. ఇంటివారు ఆశ్చర్యముతో నిలిచిపోయిరి. అప్పుడు ప్రభువు చెప్పిన కడపటి మాట ఆమెకు తినుటకు ఏమైన పెట్టుడనియే. అంతటి అద్భుతము తరువాత ఆయన దృష్టి వంటయింటి మీదికి పోయెను. బిడ్డ ఆకలిగొనియున్నదని ఆ గదిలో ఇంకెవరికిని తోచలేదు.

పెద్దగారి భార్య కూడ వైద్యుని అడిగినది అదే: ఏమి పెట్టవలెను? మన డెల్టాలో మూడు పూటలు వరియన్నమే గదా. కంచములో సగము కూరలు, ఆకుకూరలు. పావు భాగము పప్పో గ్రుడ్డో చేపో. తక్కిన పావు మాత్రము అన్నమని ఆయన గీత గీసి చూపెను. ఉదయము జొన్నరొట్టె గాని, కొలతకు తగినంత రాగిసంకటి గాని తినవచ్చుననెను. టీలో చక్కెర మానవలెననెను. ఆమె ఇంటికి వచ్చి, ఆయనకు వేరుగా వండనని, ఇంటిల్లిపాదికి ఆ వంటయేయని తీర్మానించినది. మనిషికి వేరు కుండ పెట్టినయెడల రోగికన్న ముందు వాని మనస్సు చచ్చునని ఆమె నాతో చెప్పెను. మగపిల్లలు మొదటి వారము సణిగిరి. రెండవ వారమున చిన్నవాడు రొట్టెలోనికి గోంగూర పచ్చడి ఇంకొంచెము వేయుమని అడిగినాడట.